అమ్మకు రొట్టె తుంచి పెట్టిన చేతులకు

అందరికీ వందనాలు. జూలైలో పక్షవాతం వచ్చి మా అమ్మకు కుడి చెయ్యి, కుడి కాలు పట్టు తప్పాయి. మొన్న ఆదివారం ఆమె గన్‌ఫౌండ్రీ సెయింట్ జోసెఫ్ కెథడ్రల్‌లో నా భుజం పట్టుకుని పీఠం దాకా నడిచి దివ్యసత్ప్రసాదం స్వీకరించింది. ఈ నాలుగు నెలల భారం నేను ఒక్కదాన్నే మోయలేదు. మోసినవాళ్లకు నలుగురిలో కృతజ్ఞత చెప్పుకోవాలని ఇది రాస్తున్నాను.

లిఫ్టు పాడైన రోజు అమ్మను కుర్చీతో సహా మూడు అంతస్తులు దించిన మా విచారణ (మా చర్చి పరిధి) యువకులకు ముందుగా ధన్యవాదాలు. వారానికి మూడుసార్లు ఫిజియోథెరపీకి తీసుకెళ్లిన ఆటో అన్నకు నడుము నొప్పి ఉంది. అయినా ప్రతిసారీ దిగి వచ్చి అమ్మను పట్టుకునేవాడు. అతన్ని చూస్తే పునీత కమిల్లస్ గుర్తొచ్చేవారు. కాలి పుండు జీవితాంతం మానకపోయినా ఆయన రోగుల మంచాల మధ్యే తిరిగారు.

ఇక కింది ఇంటి ఖాలా (ఉర్దూలో పిన్ని అని). నేను ఆఫీసుకు వెళ్లాక మధ్యాహ్నం అమ్మకు తోడుండేది ఆమే. ఎడమచేత్తో రొట్టె తుంచడం అమ్మకు చేతకాలేదు. సిగ్గుపడి ఆకలి లేదని చెప్పడం మొదలుపెట్టింది. ఖాలా ఏమీ అడగలేదు. మర్నాటి నుంచి రొట్టెను చిన్న ముక్కలుగా తుంచి, పప్పులో నానబెట్టి, మా ఇంట్లో ఇలాగే తింటామన్నట్టు గిన్నెలో పెట్టి తెచ్చింది. వారం తరువాత అమ్మ చెప్తేగాని నాకు తెలియలేదు.

ఆ రాత్రి బీరువా తలుపుకు అంటించిన పునీత చిన్న తెరేజమ్మ పటం వైపు చాలాసేపు చూశాను. ఫ్రాన్సులోని లిసియూ మఠంలో 1888లో, పదిహేనేళ్ల వయసులో చేరి, 1897లో ఇరవై నాలుగేళ్లకే కన్నుమూసిన కన్య. అక్కడ సెయింట్ పియెర్ అనే ముసలి సిస్టరును రోజూ సాయంత్రం భోజనశాలకు నడిపించే పని తెరేజమ్మ అడిగి మరీ తీసుకుంది. వేగంగా నడిస్తే పడిపోతానని, నెమ్మదిస్తే నీ చెయ్యి తగలడం లేదని ఆ సిస్టరు సణిగేది. (మా అమ్మ కూడా అచ్చం అంతే. నేను విసుక్కున్న రోజులున్నాయి. తెరేజమ్మ విసుక్కోలేదు.) వంకర్లు తిరిగిన ఆ చేతులు రొట్టె కోయలేకపోవడం చూసి, ఎవరూ చెప్పకుండానే తానే కోసిపెట్టి, వెళ్లేముందు ఒక నవ్వు నవ్వేది. ఆ సిస్టరు మనసు గెలిచింది అన్నిటికన్నా ఆ నవ్వేనని తరువాత రాసుకుంది.

చిన్నప్పటి నుంచి ప్రతి అక్టోబరు 1న ఆమె పండుగ చేసుకుంటున్నాను. గులాబీలు గుర్తున్నాయి, అద్భుతాలు గుర్తున్నాయి. రొట్టె మాత్రం ఎన్నిసార్లు విన్నా నా చెవిని తాకి వెళ్లిపోయింది. దాన్ని నా ఇంట్లో నాకు చూపించింది, తెరేజమ్మ పేరైనా వినని ఖాలా. ఈ కథ ఆమెకు చెప్తే, "చెయ్యి పనిచేయనప్పుడు తుంచి పెట్టరా మరి?" అని ఆశ్చర్యంగా నా వైపు చూసింది.

ఖాలా, మీకు ఎలా కృతజ్ఞత చెప్పాలో నాకు తెలియడం లేదు. నిన్న అమ్మ తన కుడిచేత్తో ఒక్క ముక్క తుంచింది. ముందుగా మీకే చూపించాలని పట్టుబట్టి కిందికి దిగి వచ్చింది.

అమ్మ వాడిన వాకర్ ఇప్పుడు ఖాళీగా ఉంది. మన వీధిలో ఎవరికైనా అవసరమైతే వచ్చి తీసుకెళ్లండి.