చేనేత, జౌళి శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ: తిరిగొచ్చిన చీర ఎందుకు తిరిగొచ్చిందో చెప్పించండి

గౌరవనీయులైన మంత్రి గారికి,

పాత నల్లగొండ జిల్లా పుట్టపాకలో మగ్గాన్నీ రంగుల కాగునూ నమ్ముకుని బతుకుతున్న ఒక సహకార సంఘ సభ్యుడిని. నూలు సబ్సిడీకీ, బకాయిలకూ వేరే అర్జీలు పెట్టుకున్నాం కాబట్టి వాటిని ఇక్కడ ఎత్తను. ఒకే చీర మీద బతికే మనుషులు ఒకరి దగ్గర ఒకరు నేర్చుకునే దారి గురించే ఈ లేఖ.

చింతకింది మల్లేశం గారి లక్ష్మీ ఆసు యంత్రం, అంటే అద్దకానికి ముందు నూలును మేకుల చుట్టూ వరుసగా చుట్టే (ఆసు పోసే) యంత్రం, మీకు తెలిసిందే. ఒక్క చీరకు దాదాపు 9,000 సార్లు చేయి ఆడించి ఆసు పోసే తల్లి భుజం నొప్పి చూడలేక 1992లో పని మొదలుపెట్టి, 1999లో దాన్ని పూర్తి చేశారు. చివరి చిక్కు మాత్రం మగ్గాల ఊళ్లో విడలేదు. హైదరాబాద్ బాలానగర్‌లో పనికి వెళ్లినప్పుడు అక్కడ ఆడుతున్న ఒక యంత్రం కదలికను చూశాక విడింది. ఆయనకు 2017లో పద్మశ్రీ వచ్చింది. అయితే ఆసు తెలిసిన మనిషీ, మరలు తెలిసిన కార్ఖానా మళ్లీ మళ్లీ ఎదురుపడే ఏర్పాటు నా ఎరుకలో ఇంతవరకు లేదు.

మా అనుభవం ఒకటి మనవి చేస్తాను. ఒక దుకాణం మా నీలం చీరలను మాటిమాటికీ తిప్పి పంపేది. కారణం అడిగితే "రంగు బాగాలేదు" అన్న ఒక్క మాటే. నూలుదే తప్పని రెండేళ్లు నూలు వ్యాపారితో తగువుపడ్డాం. చివరకు రంగులు అమ్మే మనిషి వచ్చి మా కాగు దగ్గర ఒక పూట కూర్చుంటే తేలింది: తప్పు బోరు నీళ్లలోని గట్టిదనానిది. నీళ్లు మార్చాం, మచ్చలు పోయాయి. ఆ ఒక్క పూట రెండేళ్ల ముందే దొరికి ఉంటే ఎన్ని చీరలు మిగిలేవో!

కార్ల మాట చీరల దగ్గర తేవడం అతి అనిపించవచ్చు గానీ, 1997 ఫిబ్రవరి 1న జపాన్‌లోని కరియలో టయోటాకు బ్రేకు వాల్వులు అందించే ఐసిన్ కర్మాగారం కాలిపోయి కార్ల తయారీ ఆగినప్పుడు, ఐసిన్ తన నక్షాలను పంచగా పదుల సంస్థలు, చివరికి కుట్టుమిషన్ల బ్రదర్ కంపెనీ కూడా, ఆ వాల్వులు చేయడం నేర్చుకుని కొద్ది రోజుల్లోనే తయారీని మళ్లీ నడిపించాయి. ఏళ్ల తరబడి ఒకరి షెడ్లలో ఒకరు తిరిగి పని చూసుకున్న అలవాటే ఆనాడు అక్కరకొచ్చింది.

మాకూ పంచుకోవాలనే ఉంటుంది, భయమే ఆపుతుంది. కొత్త డిజైన్ చూపిస్తే నెల తిరక్కుండానే అది అచ్చు గుడ్డ మీద ప్రింటై బజారులో సగం ధరకు వేలాడుతుంది. భౌగోళిక గుర్తింపు పోచంపల్లి అన్న పేరును కాపాడుతుందే గానీ, నిన్న ఎవరి చేతిలో ఏ పువ్వు పుట్టిందో రాసిపెట్టదు.

అందువల్ల ప్రభుత్వం తరఫున జరిగే ప్రతి కొనుగోలులోనూ తిరస్కరణకు కారణాన్ని తెలుగులో రాతపూర్వకంగా నేతగానికీ, అద్దకం చేసేవారికీ కూడా అందజేయాలనే షరతు పెట్టించండి. నెలకొక రోజు కొనుగోలుదారును, రంగుల వ్యాపారిని, డిజైన్ గీసేవారిని కాగుల దగ్గరికే రప్పించి, ఆ రోజు కూలిని నేతగానితో పాటు ఆసు పోసే ఆడవాళ్లకు కూడా ఇప్పించండి. వాళ్లను పిలవకపోతే సగం విద్య ఇంట్లోనే ఉండిపోతుంది. అక్కడ పుట్టిన డిజైన్ ఎవరెవరిదో ఆ సాయంత్రమే సంఘం పుస్తకంలో రాసి, అందరి సంతకాలూ తీసుకునే పద్ధతి పెట్టించండి. మొదటి సమావేశానికి మా కాగుల షెడ్డు సిద్ధంగా ఉంది.

ఇట్లు,
చేనేత సహకార సంఘ సభ్యుడు,
పుట్టపాక