బుడగలు రాని సీసా

ప్రియమైన బావా,

నీ ఉత్తరం వచ్చి రెండు నెలలు దాటినా జవాబు రాయనందుకు క్షమించు. అమ్మ కంటి ఆపరేషన్ బాగా జరిగింది, మేము ఇల్లు మారాము, మిగిలిన కబుర్లు మళ్లీ రాస్తాను. మొన్న మంగళవారం రాత్రి వార్డులో జరిగినది నీకు చెప్పేదాకా నా మనసు నిలవదు.

రాత్రి పదకొండు గంటలకు ఒక తల్లి ఏడు నెలల బిడ్డను కొంగులో చుట్టుకుని వచ్చింది. "సాయంత్రం నుంచి డొక్కలు ఎగరేస్తున్నాడు సార్, పాలు తాగడం లేదు" అన్నది. నిమిషానికి 72 శ్వాసలు. ముక్కుపుటాలు అదురుతున్నాయి, ప్రతి ఊపిరి చివరా సన్నని మూలుగు. ఆక్సిజన్ పెట్టినా పల్స్ ఆక్సీమీటర్‌లో రక్తంలోని ఆక్సిజన్ 87 శాతం దాటలేదు. పిల్లల వెంటిలేటర్ ఉన్న పెద్దాసుపత్రి ఇక్కడికి మూడు గంటల దారి.

ఆ మూలుగును మనం ప్రమాద సూచనగా మాత్రమే చదువుకున్నాము. నిజానికి అది బిడ్డ తనకు తాను చేసుకునే వైద్యం. ఊపిరి వదిలేటప్పుడు గొంతు బిగించి, కొంత గాలిని లోపలే ఆపి, ఊపిరితిత్తుల్లోని గాలిగదులు ముడుచుకుపోకుండా నిలబెట్టుకుంటాడు. అలసిపోతున్న బిడ్డకు బదులుగా ఆ పనిని సీప్యాప్, అంటే ఊపిరితిత్తుల్లో గాలి ఒత్తిడిని ఎడతెగకుండా నిలిపే సాధనం, చేస్తుంది. 1971లో శాన్‌ఫ్రాన్సిస్కోలో జార్జ్ గ్రెగరీ బృందం ఊపిరితిత్తులు సరిగా విచ్చుకోని 20 మంది నవజాత శిశువులకు ఈ ఒత్తిడి ఇస్తే 16 మంది బతికారు. వారిలో ఎక్కువ మందికి శ్వాసనాళంలో గొట్టం వేసే ఇచ్చారు. ముక్కు ద్వారా ఇచ్చే సాధనం తరువాత వచ్చింది.

మా దగ్గర ఉన్నది బబుల్ సీప్యాప్. బయటికి వచ్చే గాలిగొట్టం చివరను సీసా నీటిలో ఎన్ని సెంటీమీటర్లు ముంచితే అంత ఒత్తిడి నిలుస్తుంది. నేను 5 సెంటీమీటర్లు ముంచాను. ఒక్క బుడగ కూడా రాలేదు.

గొట్టాలన్నీ తడిమి చూశాను, గాలి ప్రవాహం పెంచాను, మళ్లీ పెంచబోయాను. అప్పుడు సిస్టర్ నా చెయ్యి ఆపి, "సార్, ముందు ముక్కు చూడండి" అన్నది. ముక్కురంధ్రాల్లో పెట్టే పొట్టి గొట్టాలు, ప్రాంగ్స్, వాడి ముక్కుకు చిన్నవి. గాలంతా పక్కలనుంచే పోతున్నది. తగిన సైజు కావాలని మూడు నెలలుగా రాసి పంపుతున్నా రాలేదు. అంతటి యంత్రం గోడ పక్కన ఉండి, వేలెడంత రబ్బరు ముక్క లేక పనికిరాకపోవడం ఎంత అన్యాయమో నీకు వేరే చెప్పనక్కరలేదు. సిస్టర్ శుభ్రపరిచి దాచి ఉంచిన ఒక పెద్ద జత తెచ్చింది. తెరిచి ఉన్న నోటినుంచి గాలి పోకుండా గడ్డం కింద మెత్తని పట్టీ కట్టాము, పొట్ట ఉబ్బకుండా నోటిగుండా సన్నని గొట్టం వేసి పైచివర తెరిచి ఉంచాము, బిడ్డను తల్లి గుండెలకు ఆనించి కూర్చోబెట్టాము. అప్పుడు వచ్చాయి బుడగలు! మన గదిలోని చేపల తొట్టె చప్పుడే బావా. పంపు ఆగిందేమోనని నువ్వు అర్ధరాత్రి లేచి చూసేవాడివి కదా, ప్రొఫెసరు గారికి ఊపిరాడదేమోనని. ఆ ప్రొఫెసరు ఎవరో మనిద్దరికే తెలుసు.

ఒంటిగంటకు 60 శ్వాసలు, మూలుగు లేదు. మూడింటికి ఆక్సీమీటర్‌లో 94. పెద్దాసుపత్రి డాక్టరుతో రెండుసార్లు ఫోనులో మాట్లాడి, అంబులెన్సును వాకిట్లోనే ఉంచి, తెల్లవారేదాకా చూశాము. పంపవలసిన అవసరం రాలేదు. నిన్న వాడు ఇంటికి వెళ్లాడు.

మూడేళ్ల కిందటి ఆ పాపకు కూడా ఇదే... వద్దు, అది ఇప్పుడు రాయలేను.

ఢాకాలో మొహమ్మద్ జోబాయెర్ చిస్తి బృందం షాంపూ సీసాతో ఇదే పద్ధతిని పరీక్షించి 2015లో లాన్సెట్ వైద్య పత్రికలో ప్రకటించింది. తీవ్ర న్యుమోనియాతో వచ్చిన పిల్లల్లో, తక్కువ ప్రవాహపు ఆక్సిజన్ పొందిన 67 మందిలో 10 మంది, బబుల్ సీప్యాప్ పొందిన 79 మందిలో ముగ్గురు చనిపోయారు. నన్ను ఎక్కువగా కలవరపెట్టినది మాత్రం ఆఫ్రికాలోని మలావీలో జరిగిన అధ్యయనం. 2019లో వెలువడిన ఆ అధ్యయనంలో సీప్యాప్ పెట్టిన 323 మందిలో 53 మంది, మామూలు ఆక్సిజన్ ఇచ్చిన 321 మందిలో 35 మంది పోయారు. అక్కడి పిల్లల్లో హెచ్‌ఐవీ, పోషకాహార లోపం ఉన్నవారు చాలామంది కాబట్టి రెండింటినీ ఒకే త్రాసులో తూచలేము. కానీ అది వైద్యుడు రోజూ వచ్చి చూసే ఏర్పాటు లేని జిల్లా ఆసుపత్రి. ఆ రాత్రి సిస్టర్ లేకపోతే నేను ప్రవాహం పెంచుతూనే ఉండేవాడిని, వాడి పొట్ట ఉబ్బుతూనే ఉండేది.

అందుకే మంచం దగ్గర ఒక కాగితం అంటించాను. ప్రతి గంటకూ బుడగలు, ముక్కు చర్మం, పొట్ట, శ్వాసలు చూసి, చూసినవారు సంతకం పెట్టాలి. ముక్కు మధ్యగోడ పుండు పడకుండా మీరు కింద ఏ పట్టీ వేస్తున్నారో రాయి. మీ దగ్గర హైఫ్లో, అదే ముక్కులోకి గాలిని ఎక్కువ వేగంతో పంపే యంత్రం, ఉంది కదా, కిలోకు నిమిషానికి 2 లీటర్లు ఇచ్చి, అది పనిచేయడం లేదని ఎంతసేపటికి తేల్చుకుంటావు? గంటకా, రెండు గంటలకా? వెంటనే రాయి, ఎందుకంటే ఆ నిర్ణయం ఆలస్యమైతే...

వార్డునుంచి పిలుపు వచ్చింది, వెళ్లాలి. చెల్లెమ్మను అడిగానని చెప్పు.

నీ
బావ