మా అంబాసిడర్ ఇంజన్‌ను బాగుచేసిన ఆటోనగర్ మేస్త్రి గారికి కృతజ్ఞతలు

మా నాన్నగారి పెట్రోల్ అంబాసిడర్ ఇంజన్ రీబిల్డ్ అయి వచ్చిన నాటి నుంచి ఇన్‌టేక్ మానిఫోల్డ్ (గాలి, పెట్రోలు మిశ్రమాన్ని ఇంజన్‌లోకి చేర్చే గొట్టం) ప్యాకింగ్ (అతుకులో గాలి చొరబడకుండా వేసే పలుచని పొర) నిలవక పడిన అవస్థ ఈ నెలలో తీరింది. అసలు కారణాన్ని పట్టుకున్న విజయవాడ ఆటోనగర్ పెద్ద మేస్త్రి గారికి, ఆయన చెప్పిన కొలతకు పని చేసిపెట్టిన లేత్ షాపు వారికి, మంచి స్టడ్లు (మానిఫోల్డును బిగించే మరకడ్డీలు) వెతికి పంపిన గుంటూరు మిత్రునికి మా కుటుంబం తరఫున హృదయపూర్వక కృతజ్ఞతలు.

ప్యాకింగ్ మార్చిన ప్రతిసారీ కొన్నాళ్లు బాగానే నడిచి, ఆ తరువాత మానిఫోల్డ్ దగ్గర సన్నని ఈల మొదలై, ఐడిలింగ్ (బండి ఆగి ఉన్నప్పుడు ఇంజన్ నడక) నిలకడ తప్పేది. మరింత మంచి ప్యాకింగ్ వేయమనో, జిగురు దట్టంగా పూయమనో అందరూ చెప్పేవారు.

మేస్త్రి గారు ముందుగా ప్లగ్గులు విప్పించి, వరుస తప్పకుండా గుడ్డ మీద పెట్టించారు. 1, 2 ప్లగ్గులు గోధుమరంగులో ఉన్నాయి. 3, 4 సున్నం పూసినట్టు తెల్లబడి ఉన్నాయి, అంటే ఆ సిలిండర్లలోకి అదనపు గాలి వెళుతోందన్న మాట. ఈ 1489 సీసీ బీఎంసీ (బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్) ఇంజన్ హెడ్‌లో నాలుగు సిలిండర్లకూ కలిపి ఇన్‌టేక్ పోర్టులు (మిశ్రమం లోపలికి వెళ్లే దారులు) రెండే, ముందుది 1, 2కు, వెనుకది 3, 4కు ఉంటాయి కాబట్టి, వెనుక పోర్టు దగ్గరే గాలి లాగుతోందని ఆయన అక్కడికక్కడే తేల్చారు. ఇంజన్ నడుస్తుండగా ఆ అతుకు మీద నీళ్లు చిమ్మితే ఈల ఒక్క క్షణం ఆగిపోవడం మేమూ విన్నాము.

అంతటితో ఆగి కొత్త ప్యాకింగ్ వేసి పంపించి ఉంటే మళ్లీ అదే కథ అయ్యేది. ఈ ఇంజన్‌లో ఇన్‌టేక్, ఎగ్జాస్ట్ (పొగ బయటికి పంపే) మానిఫోల్డులు రెండూ ఒకే పక్కన, ఒకే ప్యాకింగ్ మీద కూర్చుంటాయి. మధ్యలోని స్టడ్లకు వేసే మందపాటి వాషర్లే రెండు ఫ్లాంజిలనూ (మానిఫోల్డులు హెడ్‌కు ఆనే అంచులను) కలిపి అదిమి పట్టాలి. రీబిల్డ్‌లో వేరే బండి నుంచి తెచ్చి బిగించిన ఇన్‌టేక్ ఫ్లాంజి, వెర్నియర్‌తో కొలిస్తే, ఎగ్జాస్ట్ ఫ్లాంజి కంటే పలుచగా ఉన్నట్టు తేలింది. వాషరు భారమంతా ఎగ్జాస్ట్ మీదే పడటం వల్ల నట్టు గట్టిగానే బిగుస్తుంది, టార్క్ రెంచి కూడా సరిగ్గానే చూపిస్తుంది, కానీ ఇన్‌టేక్ మీద పట్టు ఉండదు. ఎంత ఖరీదైన ప్యాకింగ్ అయినా అక్కడ చేయగలిగింది ఏమీ లేదు.

లేత్ షాపు వారు వాషరు కూర్చునే చోట ఎగ్జాస్ట్ ఫ్లాంజిని మిల్లింగ్ చేసి రెండు మందాలనూ సమానం చేశారు. హెడ్‌కు ఆనే ముఖాలను స్కేలు ఆనించి, ఫీలర్ గేజితో (సందును కొలిచే పలుచని రేకులతో) సరిచూశారు. జిగురు లేకుండా పొడి ప్యాకింగ్ వేసి, నడిమి నుంచి రెండు కొసలకూ కొద్దికొద్దిగా బిగించి, ఇంజన్ వేడెక్కి పూర్తిగా చల్లారాక మరోసారి బిగించారు.

2014లో అంబాసిడర్ తయారీ ఆగిపోయాక పాత బండ్ల విడిభాగాలు ఒకదానివి మరొకదానికి వేయక తప్పడం లేదు. ఇదే బాధ పడుతున్నవారు ప్యాకింగ్ కొనేముందు రెండు ఫ్లాంజిల మందమూ కొలిపించవలసిందిగా మనవి.

గుంటూరు వెళ్లి వచ్చాక విప్పి చూస్తే నాలుగు ప్లగ్గులూ ఒకే రంగులో ఉన్నాయి. బండి మరికొంత తిరిగిన తరువాత నట్లు చూస్తానని, తప్పక తీసుకురమ్మని మేస్త్రి గారు చెప్పారు, అలాగే తీసుకువెళతాము.