మెట్ల కింద పిల్లి కోసం కదిలిన అందరికీ కృతజ్ఞతలు

మా అపార్ట్‌మెంటు మెట్ల కింద ఉండే మచ్చల పిల్లి మళ్లీ తిండి ముడుతోంది. మొదటి దండం సిరప్ పట్టినవారికే. అవును, వారికే. ఒళ్లు వేడిగా ఉందని జాలిపడి పిల్లల పారాసిటమాల్ పట్టారు. సంగతి తెలియగానే ఏం పట్టారో, ఎంత పట్టారో, ఎన్నింటికో దాచకుండా చెప్పి సీసా తెచ్చిచ్చారు. దయచేసి వారిని ఎవరూ ఏమీ అనకండి. ఆ సీసా లేకపోతే డాక్టరుగారు ఏ విషమో వెతుక్కుంటూ కూర్చోవాల్సి వచ్చేది.

5 మి.లీ.లో 250 మి.గ్రా. ఉండే రకం అది. నాలుగు కిలోల పిల్లికి ఆ 5 మి.లీ. పడితే కిలోకి 60 మి.గ్రా. దాటినట్టే. కిలోకి 10 మి.గ్రా.తో కూడా పిల్లులకు విషమెక్కిన సందర్భాలున్నాయి. ఈ మందును విరిచి బయటికి పంపే ఎంజైము మన కాలేయంలో ఉన్నంతగా పిల్లికి లేదు. దాంతో విషం ఎర్ర రక్తకణాల మీద పడుతుంది, రక్తం ఆక్సిజన్ మోయలేక చాక్లెట్ రంగుకి తిరుగుతుంది. పై అంతస్తు అక్క పెదవి ఎత్తి చూసి, చిగుళ్లు గోధుమరంగులో ఉన్నాయని, మూతి, పాదాలు వాచాయని పట్టేశారు. పాలు, ఉప్పునీళ్లు పట్టబోయిన వాళ్లను ఆపిందీ ఆవిడే. పాలు దీనికి విరుగుడు కాదు. ఆయాసపడుతున్న పిల్లికి ఏది పట్టినా ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు, ఉప్పు వేరే విషం.

మెడికల్ షాపు తమ్ముడికి ప్రత్యేకంగా. తన దగ్గర ఎసిటైల్‌సిస్టీన్ ఇంజెక్షన్ లేకపోతే ఇంకో షాపు నుంచి తెప్పించాడు. మనుషులకు పారాసిటమాల్ ఎక్కువైనా విరుగుడు ఇదే. మొదటి మోతాదు కిలోకి 140 మి.గ్రా., అంటే ఈ పిల్లికి 560. 20 శాతం మందులో అది 2.8 మి.లీ. దాన్ని 5 శాతానికి పలచన చేసి నరంలోకి మెల్లగా ఎక్కించారు. తర్వాత ఆరేసి గంటలకు కిలోకి 70. ఇది డాక్టరు చేయాల్సిన పని, ఇంట్లో ఎవరూ పూనుకోవద్దు. ఆక్సిజన్ పెట్టి, ఎక్కువగా ముట్టుకోకుండా ఉంచిన క్లినిక్ సిబ్బందికి నమస్కారాలు. ఆ స్థితిలో పిల్లి పెనుగులాడితే ఉన్న ఆక్సిజన్ కూడా చాలదు.

వరండాలు కడిగే అమ్మలకూ థాంక్స్. నీళ్లలో పోస్తే పాలలా తెల్లబడే ఫినాయిల్ మానేశారు. తడి నేల మీద నడిచిన పిల్లి పాదాలు నాక్కుంటుంది కదా, అసలు చిక్కు అక్కడే.

కుక్కలున్నవాళ్లకు ఒక మనవి. మెడ మీద వేసే పేలమందులో పెర్మెత్రిన్ ఉందేమో అట్ట మీద చూడండి. అది పిల్లికి అంటితే వణుకు, ఫిట్స్ వస్తాయి. అంటినట్టు తెలిస్తే అంట్ల సబ్బుతో గోరువెచ్చటి నీళ్లలో కడిగి వెంటనే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి.

పిల్లికి ఇంకా రక్తపరీక్ష ఉంది. అప్పటిదాకా తిండి ఎవరైనా పెట్టొచ్చు, మందు మాత్రం ఎవరూ పట్టొద్దు.