శాడిల్స్ ఆర్డర్ పెట్టేముందు కాస్త కొలవరా బాబూ

ఒరేయ్,

నీ మెసేజ్ చూశాను. నీ స్ట్రాట్‌లో (స్ట్రాటోకాస్టర్ ఎలక్ట్రిక్ గిటార్) హై ఇ తీగ, అదే అన్నిటికంటే సన్నది, మళ్లీ తెగింది, చెయ్యి ఆనించి వాయిస్తుంటే స్క్రూలు గుచ్చుకుంటున్నాయి, ఇక లాభం లేదు టైటానియం శాడిల్స్ (బాడీ మీది బ్రిడ్జ్‌లో ఒక్కో తీగ ఆనే చిన్న ముక్కలు) వేసేస్తా అన్నావు. వేసుకో, నేనేం వద్దనను. కానీ నువ్వు రాసిన దాంట్లో మెటల్ గురించి పేరా ఉంది, ఫొటోలు ఉన్నాయి, ఎవరెవరో పొగిడింది ఉంది, ఒక్క కొలత మాత్రం లేదు. చెప్పులు కొనేటప్పుడు సైజు చూడకుండా తోలు గురించి గంటసేపు మాట్లాడినట్టుంది.

ముందు ఆ తీగ సంగతి. తెగిన ముక్క పారేయలేదు కదా? అది ఎక్కడ తెగిందో చూడు. మెడ చివర నట్ దగ్గరో, తీగ బిగించే ట్యూనర్ దగ్గరో తెగితే శాడిల్‌కి దాంతో సంబంధమే లేదు, నువ్వు బంగారంతో చేసినవి పెట్టినా అది తెగుతూనే ఉంటుంది. సరిగ్గా శాడిల్ మీద ఆనే చోటే తెగుతోందంటే అక్కడ అంచు గరుకుగా ఉందని అర్థం. తీగ తీసేసి, కొంచెం దూది తీసుకుని ఆ గాడి మీద లాగి చూడు, పోగు పట్టుకుంటే దొంగ దొరికినట్టే. 600 నంబరు సాండ్‌పేపర్‌తో మొదలుపెట్టి 1000కి వెళ్లు, లేదా పాత లావు తీగ ముక్కకి మెటల్ పాలిష్ రాసి గాడిలో అటూ ఇటూ లాగు. నెమ్మదిగా చెయ్యి, నున్నబడితే చాలు, గాడి లోతు పెంచకూడదు. ఇంకో చోటు కూడా ఉంది, జనం అక్కడ చూడరు: తీగ బ్రిడ్జ్ కింద ఉండే లోహపు బ్లాక్ నుంచి పైకి వచ్చే దారిలో బ్రిడ్జ్ ప్లేటు రంధ్రం అంచుకో, శాడిల్ చీలిక అంచుకో గట్టిగా ఒరుసుకుంటోందేమో చూడు.

ఇదంతా చేశాక కూడా తెగుతుంటేనో, లేదా శాడిల్స్ తుప్పు పట్టి స్క్రూలు తిరగకపోతేనో, అప్పుడు కొత్తవి కొను. తుప్పు సంగతి నాకు తెలుసులే, నీ చేతి చెమట మామూలు చెమట కాదు.

ఇప్పుడు అసలు విషయం. లో ఇ తీగ (అన్నిటికంటే లావుది) మధ్య నుంచి హై ఇ తీగ మధ్య వరకు, శాడిల్స్ మీదే, ఎంత దూరం ఉందో కొలు. కాలిపర్ ఉంటే మంచిది, లేకపోతే స్టీలు స్కేలు చాలు. పాత తరహా స్ట్రాట్ బ్రిడ్జ్‌లకి ఇది సుమారు 56 మిల్లీమీటర్లు, అమెరికా కొలతలో 2-7/32 అంగుళాలు. రెండు పోస్టుల మీద నిలబడే కొత్త తరహా వాటికి 52.4, అంటే 2-1/16 అంగుళాలు. మధ్యలో 54 దగ్గర ఉండేవీ బోలెడు ఉన్నాయి. వచ్చిన దాన్ని 5తో భాగిస్తే ఒక్కో శాడిల్ వెడల్పు తెలిసిపోతుంది: 11.3, 10.5, 10.8. చూడ్డానికి ఒక మిల్లీమీటరు కూడా తేడా లేదు కదా అనిపిస్తుంది, కానీ ఆరు శాడిల్స్ పక్కపక్కన పెట్టేసరికి అదంతా కలిసి పెద్దదవుతుంది. వెడల్పువి ఇరుకు బ్రిడ్జ్‌లో పెడితే చివరివి పట్టవు, పట్టినా స్క్రూలు వంకరగా లాగుతాయి. ఇరుకువి వెడల్పు బ్రిడ్జ్‌లో పెడితే మధ్యలో సందులు మిగిలి, తీగని గట్టిగా లాగి బెండ్ చేసినప్పుడు పక్కకి ఊగుతాయి. "స్ట్రాట్‌కి సరిపోతుంది" అని రాసిన మాటని మాత్రం నమ్మకు, ఏ స్ట్రాట్‌కి అని అడగాలి.

రెండోది మర, అంటే స్క్రూ మీది చుట్లు. అమెరికా తరహా వాటిలో 4-40 మర (అంగుళాల కొలతది) ఉంటుంది, మిగతా చాలావాటిలో ఎమ్3 (మిల్లీమీటర్ల కొలతది). వ్యాసం 2.84, 3 మిల్లీమీటర్లు, అంటే కంటికి రెండూ ఒకటే. ఒకదాని స్క్రూ ఇంకోదాంట్లో ఒకటి రెండు చుట్లు ఎక్కి బిగుసుకుంటుంది, అక్కడితో ఆగకుండా బలవంతం చేస్తే మర పోతుంది. కాబట్టి శాడిల్స్‌తో పాటు వచ్చిన స్క్రూలే వాడు, పాతవి కలపకు. అలెన్ కీ కూడా చూసుకో, 4-40 దానికి 0.050 అంగుళం, ఎమ్3 దానికి 1.5 మిల్లీమీటర్లు. సరిపోని కీతో తిప్పితే ఆ చిన్న గుంత గుండ్రంగా అయిపోతుంది.

గుచ్చుకునే స్క్రూల సంగతి వేరు. అవి పైకి ఎందుకు పొడుచుకొస్తాయో తెలుసా? శాడిల్ బాగా కిందికి దిగి ఉంటే స్క్రూ మిగిలిన భాగం పైన తేలుతుంది. ఆ చివర, ఈ చివర ఉన్న రెండు తీగలకి పొట్టి స్క్రూలు వేసుకుంటే చాలామందికి సరిపోతుంది, ఎందుకంటే ఫ్రెట్‌బోర్డ్ వంపుకి తగ్గట్టు ఆ రెండూ కిందే ఉంటాయి. లెక్క వేసి చూడు, 9.5 అంగుళాల రేడియస్ ఉన్న మెడకి మధ్య తీగలు చివరి తీగల కంటే మిల్లీమీటరున్నర దాకా ఎత్తులో ఉండాలి. అన్ని శాడిల్సూ కిందికి ఆనిపోయి ఉంటే మాత్రం స్క్రూలు మార్చి లాభం లేదు. మెడ విప్పి, అది కూర్చునే గుంతలో బాడీ లోపలి చివర షిమ్ (పలచని ముక్క) పెట్టు, అప్పుడు శాడిల్స్‌ని పైకి ఎత్తాల్సి వస్తుంది, స్క్రూలు వాటంతటవే లోపలికి పోతాయి. దీనికి కొత్త శాడిల్స్ అక్కర్లేదు, గమనించు.

ఇక నీకు ఇష్టమైన టాపిక్, మెటల్. ఘన సెంటీమీటరుకి ఇత్తడి 8.5 గ్రాములు, స్టీలు 7.8, చవక శాడిల్స్‌లో వాడే జింక్ మిశ్రమం 6.6 దరిదాపు, టైటానియం 4.5. అంటే అదే ఆకారంలో టైటానియం శాడిల్ ఇత్తడి దాంట్లో సగం బరువే. శబ్దంలో తేడా ఉంటుందా అంటే, యాంప్ లేకుండా చెవి దగ్గర పెట్టి వింటే ఉంటుందనే నేనంటాను. యాంప్ ఆన్ చేసి కాస్త డ్రైవ్ (శబ్దాన్ని గరుకుగా చేసేది) పెట్టాక, పికప్‌ని (తీగల కింద ఉండి శబ్దాన్ని పట్టేది) అర మిల్లీమీటరు పైకి ఎత్తితే వచ్చే తేడా దీనికంటే ఎక్కువ. ఇది నా చెవి మాట, నీ చెవి ఇంకోలా అంటే గొడవ పడను. నీ చెమటకి మాత్రం స్టెయిన్‌లెస్ స్టీలు గానీ టైటానియం గానీ మంచివే, తుప్పు బాధ ఉండదు. 1954లో మొదటి స్ట్రాట్‌కి పెట్టినవి స్టీలు రేకు వంచి చేసినవే, ఆ రకం ఇప్పటికీ తేలిగ్గా దొరుకుతుంది, నాకైతే అవే ఇష్టం.

గ్రాఫ్‌టెక్ వాళ్ల నల్ల శాడిల్స్ కూడా అడిగావు. వాటి పదార్థంలోనే టెఫ్లాన్ కలిపి ఉంటుంది, తీగ జారుతుంది కాబట్టి తెగడం తగ్గుతుంది, నీ రోగానికి నిజానికి టైటానియం కంటే ఇదే దగ్గర మందు. పైన మెరుపు కొంచెం తగ్గినట్టు నాకనిపిస్తుంది. కానీ నీ ఇంకో గిటార్, టెలీకి (టెలీకాస్టర్) మాత్రం వాటిని పెట్టేముందు ఆలోచించు. వాటిలోంచి కరెంటు పారదు. స్ట్రాట్‌లో తీగ చివరి గుండు కింద లోహపు బ్లాక్‌కి తగులుతుంది, ఎర్త్ అక్కడి నుంచి అందుతుంది, ఇబ్బంది లేదు. టెలీలో తీగ బాడీ వెనక నుంచి వస్తుంది, ఎర్త్ వైరు ఉండేది బ్రిడ్జ్ ప్లేటుకి, ఆ రెంటినీ కలిపేది శాడిల్ ఒక్కటే. అది పోతే నువ్వు తీగ ముట్టుకున్నా హమ్ తగ్గదు. ఎలాగూ టెలీ మాట వచ్చింది కాబట్టి, దాని మూడు ఇత్తడి గొట్టాలు తీసేసి ఆరు శాడిల్స్ పెట్టక్కర్లేదు. రెండేసి తీగలకి ఒకే శాడిల్ కాబట్టి ఇంటొనేషన్ (మెడ పొడుగునా ప్రతి ఫ్రెట్ దగ్గరా శ్రుతి సరిగ్గా ఉండటం) ఎప్పుడూ రాజీయే, కానీ ఏటవాలుగా చేసిన కాంపెన్సేటెడ్ గొట్టాలు దొరుకుతాయి, వాటితో వినసొంపుగానే వస్తుంది.

మార్చేటప్పుడు ఒక్కో తీగా ఒక్కో శాడిలే మార్చు, అన్నీ ఒకేసారి విప్పితే ట్రెమొలో (బ్రిడ్జ్‌ని ఊపే ఏర్పాటు) స్ప్రింగులు దాన్ని వెనక్కి లాగేసి సెటప్ అంతా కదిలిపోతుంది. విప్పేముందు ప్రతి శాడిల్ ప్లేటు అంచు నుంచి ఎంత దూరంలో ఉందో రాసుకో. తర్వాత కొత్త తీగలతోనే 12వ ఫ్రెట్ దగ్గర హార్మోనిక్ (తీగని నొక్కకుండా తాకి వాయించే స్వరం), నొక్కిన స్వరం పోల్చు: నొక్కినది ఎక్కువ శ్రుతిలో ఉంటే శాడిల్ వెనక్కి, తక్కువైతే ముందుకి. లో ఇ శాడిల్ బాగా వెనక్కి పోవాల్సి వచ్చి స్ప్రింగ్ అడ్డొస్తే ఆ స్ప్రింగ్‌ని కొంచెం కత్తిరించు, తప్పేం లేదు.

సరే, ఇప్పుడు నువ్వు చేయాల్సింది: ఆ ఇ నుంచి ఇ దూరం కొలిచి పంపు, తెగిన తీగ చివర దగ్గరగా ఫొటో తీసి పంపు, దూది పట్టుకుందో లేదో చెప్పు. అప్పటిదాకా ఆ కార్ట్ జోలికి వెళ్లకు.

ఉంటాను రా.