గోమారి గురించి అడిగిన అక్కకి థాంక్స్

అందరికీ నమస్తే. బాబు ఎలా ఉన్నాడని గ్రూప్‌లో చాలామంది అడుగుతూనే ఉన్నారు, విడివిడిగా రిప్లై ఇవ్వలేకపోయాను, ఏమనుకోకండి. బాగున్నాడు, నిన్న పొద్దున రెండో దోశ అడిగి మరీ తిన్నాడు, అందుకే ఇవాళ కూర్చుని రాస్తున్నా.

మేముండేది అమెరికాలో, నార్త్ కరోలినా రాష్ట్రంలోని కేరీ. జూన్ మొదట్లో ఒక శుక్రవారం రాత్రి మా ఆరేళ్లోడికి 103 జ్వరం. మర్నాడు అర్జెంట్ కేర్‌కి తీసుకెళ్తే గొంతు టెస్ట్ చేసి, వైరల్ అయ్యుంటుంది, టైలినాల్ వేయండి అన్నారు. టిక్, అదే ఒంటికి పట్టి రక్తం తాగే చిన్న పురుగు, ఏమైనా కుట్టిందా అని వాళ్లూ అడిగారు, మేమే లేదన్నాం. ఆదివారం తలనొప్పని ఒకటే ఏడుపు, కాళ్ల నొప్పులు, వాంతులు. సోమవారం ఒళ్లు తుడుస్తుంటే మణికట్ల దగ్గర, చీలమండల దగ్గర చిన్న చిన్న మచ్చలు, మన చామనఛాయ ఒంటి మీద అవి సరిగ్గా తెలియవు కూడా, కిటికీ దగ్గరికి తీసుకెళ్తేగానీ నాకే కనిపించలేదు. ఫోటో పెడితే చెమటకాయలని ఒకరు, ఆటలమ్మని ఒకరు.

రెండో ఫ్లోర్ అక్క మాత్రం మెసేజ్ పెట్టలేదు, నైట్ డ్యూటీ చేసొచ్చి నిద్ర కూడా పోకుండా నేరుగా ఇంటికొచ్చేసింది. అంతకుముందు తిరుపతిలో నర్సుగా చేసినప్పుడు స్క్రబ్ టైఫస్ కేసులు చూసిందట, అదీ ఇలాంటి పురుగు కాటు జ్వరమేనట. మళ్లీ టిక్ సంగతే అడిగింది, మళ్లీ లేదన్నాం. ఊరుకోకుండా మా అత్తయ్యగారి పక్కన కూర్చుని "అమ్మా, బాబు ఒంటిమీద పిడుదు ఏమైనా చూశారా" అంది. మాది తూర్పుగోదావరి, ఆవిడకి అర్థం కాలేదు. "అదేనమ్మా, గేదెలకి పట్టి రక్తం తాగుతాయే" అనేసరికి "గోమారా? మొన్న వీడి చెవి వెనకాల ఉంటే నేనే పీకి పారేశానుగా" అన్నారు! ట్రైల్‌కి, అంటే చెట్ల మధ్య నడకదారికి, వెళ్లొచ్చిన రాత్రి, జ్వరానికి ఆరు రోజుల ముందు. టిక్ అంటే గోమారి అని ఆవిడకి తెలీదు, పాతికేళ్లు పాడి చేసిన మనిషికి గోమారిని పీకడం ఒక చెప్పుకునే విషయమా.

ఇంక అక్క మమ్మల్ని కూర్చోనివ్వలేదు, ఎమర్జెన్సీకి తనే కారులో తీసుకెళ్లింది. రాకీ మౌంటెన్ స్పాటెడ్ ఫీవర్, అంటే టిక్ కాటుతో వచ్చే మచ్చల జ్వరం అని అనుమానం అన్నారు. పేరులో రాకీ పర్వతాలున్నాయిగానీ ఎక్కువ కేసులొచ్చే అయిదారు రాష్ట్రాల్లో మాదొకటట, ఇన్నేళ్లున్నాం, ఒక్కసారి వినలేదు. ప్లేట్‌లెట్లు, సోడియం తగ్గిపోయున్నాయి. రిజల్ట్ కోసం ఆగకుండా అప్పటికప్పుడే డాక్సీసైక్లిన్ అనే యాంటీబయాటిక్ మొదలుపెట్టారు. ఎనిమిదేళ్లలోపు పిల్లలకి అది ఇస్తే పళ్లు రంగు మారతాయని ఎక్కడో చదివి నేనే అడ్డం పడ్డాను, ఇప్పుడు తల్చుకుంటే సిగ్గేస్తోంది. ఆ డాక్టరమ్మ విసుక్కోలేదు, కొద్దిరోజుల కోర్సుకి పళ్లకేం కాదు, ఈ జ్వరానికి ఏ వయసు వాళ్లకైనా ఇదే మందు, అయిదో రోజు దాటాక మొదలుపెడితే ప్రాణానికే ప్రమాదం అని నిలబడి ఓపిగ్గా చెప్పింది. మాది అప్పటికి నాలుగో రోజు. రెండు రోజుల్లో జ్వరం దిగింది. మొదటి రక్తం టెస్ట్ నెగెటివే వచ్చింది, మొదటి వారంలో అలాగే వస్తుందట, మూడు వారాల తర్వాత మళ్లీ చేస్తేనే తేలింది. అంటే రిజల్ట్ నమ్ముకుని ఆగుంటే... వద్దులెండి.

మా పాపని మూడు రాత్రులు తమ ఇంట్లో పడుకోబెట్టుకున్న వాళ్లకి, హాస్పిటల్‌కి చారన్నం పంపిన వాళ్లకి, అత్తయ్యగారిని "మీ తప్పేం లేదండీ" అని కూర్చుని సముదాయించిన ఎదురింటి ఆంటీకి చాలా చాలా థాంక్స్. అత్తయ్యగారు రెండు రోజులు అన్నం ముట్టలేదు. ఇప్పుడు పిల్లలు బయటనుంచి రాగానే టార్చ్ వేసి చెవుల వెనకా, చంకల్లో, జుట్టులో వెతికేది ఆవిడే, కనపడితే సన్న ట్వీజర్‌తో చర్మానికి ఆనించి పట్టి నిదానంగా పైకి లాగాలని అక్క దగ్గర నేర్చుకున్నారు, కిరసనాయిలు వైద్యం మానేశారు.

అక్కా, నీ స్టీలు క్యారేజీ ఇంకా మా ఇంట్లోనే ఉంది. ఖాళీగా ఇవ్వకూడదని అత్తయ్యగారు సున్నుండలు చుడుతున్నారు, శనివారం తెస్తాం, డ్యూటీ లేకుండా చూసుకో.