సహజ హంతక కణానికి అడ్డు తొలగిస్తే సరిపోదు

గౌరవనీయ సంపాదకులకు,

సహజ హంతక కణాల గురించి మీ ఆరోగ్య పుటలో ఇటీవల వచ్చిన వ్యాసాన్ని శ్రద్ధగా చదివాను. వైరస్ సోకిన కణాలనూ క్యాన్సర్ కణాలనూ ముందు పరిచయం లేకుండానే చంపగల ఈ తెల్లరక్తకణాల గురించి తెలుగు దినపత్రికల్లో అంత ఓపికగా రాసేవారు తక్కువ. అయితే ఈ కణాల పైపొర మీద ఉండి ఎదుటి కణం గుర్తును పట్టుకునే ప్రొటీన్లు, అంటే నిరోధక గ్రాహకాలు, వాటికి బ్రేకుల వంటివనీ, చిట్టెలుకల్లో ఆ బ్రేకులు తీసేస్తే కణాలు చెలరేగి కణితులను తుడిచిపెట్టాయనీ, మనుషుల్లోనూ అదే చేస్తే సరిపోతుందనీ వ్యాసకర్త చివర్లో తేల్చేశారు. గ్రాహకాలు దాడిని ఆపుతాయన్నది నిజమే కానీ అది సగం నిజం. మిగతా సగం తెలియకపోతే, ఎలుకల్లో వచ్చిన ఫలితం మనుషుల్లో ఎందుకు రాలేదో అర్థం కాదు. డిగ్రీ విద్యార్థులకు చాలా ఏళ్లు జంతుశాస్త్రం బోధించినవాణ్ని కనుక ఆ మిగతా సగాన్ని మీ పాఠకుల ముందు ఉంచాలనిపించింది.

సహజ హంతక కణానికి ఆ పేరు పెట్టకముందే దాని ప్రవర్తన ఎలుకల్లో బయటపడింది. అవయవ మార్పిడిలో అప్పటికి స్థిరపడిన సూత్రం ప్రకారం, రెండు వేర్వేరు శుద్ధజాతి ఎలుకలకు పుట్టిన సంకర సంతానం తల్లి కణజాలాన్నైనా తండ్రి కణజాలాన్నైనా అభ్యంతరం లేకుండా స్వీకరించాలి. ఆ పిల్ల ఒంట్లో ఇద్దరి గుర్తులూ ఉంటాయి కనుక దానికి పరాయిదంటూ ఏదీ కనిపించకూడదు. కానీ రేడియేషన్ ఇచ్చిన సంకర ఎలుకలు తల్లిదండ్రుల ఎముక మజ్జను తిప్పికొడుతున్నాయని గుస్తావో కుడ్‌కోవిచ్, మైఖేల్ బెనెట్ 1971లో చూపారు. ఆ మజ్జలో కొత్తగా వచ్చిన గుర్తు ఏదీ లేదు. ఇద్దరిలో రెండోవారి గుర్తు మాత్రం లోపించింది. దీని అర్థమేమిటో చాలాకాలం ఎవరికీ అంతుపట్టలేదు. 1975లో స్వీడన్‌లోని కరోలిన్‌స్కా ఇన్‌స్టిట్యూట్‌లో రోల్ఫ్ కీస్లింగ్, ఎవా క్లైన్, హాన్స్ విగ్జెల్, అదే సమయంలో అమెరికాలో రోనాల్డ్ హెర్బర్‌మన్ బృందం ఎలుకల్లోనే ఈ కణాలను గుర్తించాక దారి కొంత సుగమమైంది.

కీలకమైన ఊహ క్లాస్ కార్రెది. శరీరంలో కేంద్రకం ఉన్న దాదాపు ప్రతి కణమూ తన పైపొర మీద ఎంహెచ్‌సీ క్లాస్-1 అనే అణువులను ప్రదర్శిస్తుంది. సహజ హంతక కణం శత్రువు గుర్తు కోసం వెతకడంతో ఆగక, ఈ ‘మనవాడు’ అనే గుర్తు ఉందా లేదా అని చూస్తుందనీ, అది లేని కణాన్ని చంపుతుందనీ ఆయన 1981 నాటి తన పరిశోధన గ్రంథంలో ప్రతిపాదించారు. 1986లో ఆయనా, సహచరులూ దానికి రుజువు చూపారు. నల్ల బొచ్చుతో ఉండే బ్లాక్-6 జాతి ఎలుకల లింఫోమా (ఒక రకం తెల్లరక్తకణాల క్యాన్సర్) కణాల్లో ఆర్‌ఎంఏ అనే రకం క్లాస్-1 గుర్తులతో నిండి ఉంటుంది; దాని నుంచి వేరుచేసిన ఆర్‌ఎంఏ-ఎస్ అనే రకంలో ఆ గుర్తులు బాగా తక్కువ. అదే జాతి ఎలుకల్లోకి ఎక్కిస్తే మొదటిది కణితిగా పెరిగింది, రెండోదాన్ని ఎలుకలు తిప్పికొట్టాయి. సహజ హంతక కణాలను ముందే తొలగించిన ఎలుకల్లో మాత్రం రెండోదీ పెరిగింది. మరో రకం తెల్లరక్తకణాలైన టీ కణాలకు క్లాస్-1 గుర్తు ఉంటేనే శత్రువు కనపడుతుంది కనుక, ఆ గుర్తును దాచుకుని టీ కణాల నుంచి తప్పించుకున్న కణితి ఇక్కడ దొరికిపోతుంది. సంకర ఎలుకల చిక్కుముడి కూడా దీంతో విడింది.

ఆ గుర్తును చదివే గ్రాహకం 1992లో దొరికింది. ఎల్‌వై49ఏ అనే ప్రొటీను ఉన్న సహజ హంతక కణాలు హెచ్-2డీడీ అనే క్లాస్-1 గుర్తు ఉన్న కణాలను ముట్టుకోవడం లేదని వేన్ యోకోయామా బృందం గమనించింది. ఆ గ్రాహకపు తోక కణం లోపలికి ఉంటుంది, అందులో ఐటిమ్ అనే చిన్న అమైనో ఆమ్లాల వరుస ఉంటుంది. గ్రాహకం బయట తన జత అణువును పట్టుకోగానే ఈ వరుసలోని టైరోసిన్ అనే అమైనో ఆమ్లానికి ఫాస్ఫేట్ చేరుతుంది. ఎస్‌హెచ్‌పీ-1 అనే ఎంజైము అక్కడికి వచ్చి, దాడికి పురికొల్పే సంకేత ప్రొటీన్ల మీది ఫాస్ఫేట్లను తొలగిస్తుంది. దాడి అక్కడితో ఆగిపోతుంది. ఎలుకల్లో ఎల్‌వై49 ఒకే గ్రాహకం కాదు, ఆరో క్రోమోజోము మీద వరుసగా ఉండే జన్యువుల కుటుంబం. ఎన్‌కేజీ2ఏ అనే మరో నిరోధక గ్రాహకమూ ఉంది. ఒక్కో హంతక కణం ఈ గ్రాహకాల్లో కొన్నింటిని, దాదాపు చీటీలు తీసినట్టు యాదృచ్ఛికంగా ఎంచుకుని ధరిస్తుంది. ఆ ఎంపికకు ఎలుక సొంత క్లాస్-1 గుర్తులతో పెద్దగా నిమిత్తం లేదు. కాబట్టి తన ఒంటి గుర్తును చదవగల గ్రాహకం ఒక్కటీ లేని కణాలు కూడా ప్రతి ఆరోగ్యవంతమైన ఎలుకలోనూ కొన్ని తయారవుతాయి.

ఇక్కడే అసలు ప్రశ్న పుడుతుంది. నిరోధక గ్రాహకం కేవలం బ్రేకే అయితే, అది లేని కణాలు సొంత శరీరాన్ని చంపుతూ పోవాలి. క్లాస్-1 గుర్తులు అసలే ఏర్పడని ఎలుకల్లో పరిస్థితి ఇంకా ఘోరంగా ఉండాలి. 1990 ప్రాంతంలో క్లాస్-1 అణువులో భాగమైన బీటా-2 మైక్రోగ్లోబ్యులిన్ జన్యువును తొలగించి అటువంటి ఎలుకలను నిజంగానే సృష్టించారు. వాటి మజ్జను మామూలు ఎలుకలకు ఎక్కిస్తే, ఊహించినట్టే, మామూలు ఎలుకల హంతక కణాలు దాన్ని తిప్పికొట్టాయి. కానీ ఆ ఎలుకల సొంత హంతక కణాలు మాత్రం మందకొడిగా ఉన్నాయి. సంఖ్యలో లోటు లేదు, ఆకారంలో లోపం లేదు. క్లాస్-1 లేని కణాలను ఎదురుగా పెట్టినా చంపలేకపోయాయి. అడ్డుకునే గుర్తు శరీరంలో ఎక్కడా లేనప్పుడు హంతక కణం రెచ్చిపోవడానికి బదులు చేతగానిదైపోయింది. 1991లోనే ప్రచురితమైన ఈ ఫలితం మీ వ్యాసంలో ఒక్క వాక్యంగానైనా లేకపోవడం నాకు పెద్ద లోటుగా తోచింది.

దీనికి స్పష్టమైన వివరణ 2005లో రెండు ప్రయోగశాలల నుంచి వచ్చింది. బర్క్‌లీలో డేవిడ్ రోలే బృందం మామూలు బ్లాక్-6 ఎలుకల్లోనే సొంత గుర్తును చదవగల ఎల్‌వై49సీ, ఎల్‌వై49ఐ, ఎన్‌కేజీ2ఏ మూడూ లేని హంతక కణాలను వేరుచేసి పరీక్షించింది. అవి బతికే ఉన్నాయి, పరిపక్వంగానూ ఉన్నాయి, కానీ ప్రేరేపిస్తే స్పందన పేలవం. సెయింట్ లూయిస్‌లో యోకోయామా బృందం మరో అడుగు ముందుకు వేసింది. సొంత గుర్తును పట్టుకునే నిరోధక గ్రాహకం ఉన్న కణమే, ప్రేరేపించినప్పుడు ఇంటర్‌ఫెరాన్-గామా అనే రోగనిరోధక సంకేత ప్రొటీనును సమృద్ధిగా తయారుచేస్తోందని చూపింది. అంతేకాక, ఆ గ్రాహకపు తోకలోని ఐటిమ్ వరుసను చెడగొడితే కణానికి ఈ సామర్థ్యం అబ్బడం లేదని కూడా చూపింది. దాడిని ఆపడానికి వాడే వరుసే కణాన్ని దాడికి యోగ్యంగానూ చేస్తోంది. దీన్ని కొందరు లైసెన్సింగ్ అంటారు, మరికొందరు ఎడ్యుకేషన్ అంటారు. నిరోధక సంకేతం కణానికి బలాన్ని చేరుస్తోందా, లేక ఆ సంకేతం లేక నిరంతరం ప్రేరణకు గురైన కణం నీరసించిపోతోందా అన్న వాదం మాత్రం ఆ రెండు బృందాల మధ్యే మొదలై కొనసాగింది. నా మట్టుకు రెండో వివరణే ఎక్కువ ఒప్పిస్తుంది. అయినా రెండింటి ఆచరణ ఫలితం ఒకటే.

ఈ శిక్షణ ఉందా లేదా అన్నంత సూటి వ్యవహారం కూడా కాదు. క్లాస్-1 గుర్తుల రకాలను ఒక్కొక్కటిగా మార్చిన ఎలుకల్లో స్టాక్‌హోమ్ పరిశోధకులు 2009లో గమనించినదేమిటంటే, నిరోధక సంకేతం ఎంత బలంగా అందితే కణం స్పందన అంత పెరుగుతోంది. మరుసటి ఏడాది వచ్చిన ప్రయోగాలు ఇంకా ఆసక్తికరమైనవి. క్లాస్-1 లేని ఎలుకలోని మందకొడి హంతక కణాలను మామూలు ఎలుకలోకి మార్చితే అవి కొద్ది రోజుల్లోనే చురుకు తెచ్చుకున్నాయి. చురుకైన వాటిని క్లాస్-1 లేని ఎలుకలోకి మార్చితే చురుకు కోల్పోయాయి. అంటే ఎముక మజ్జలో ఎప్పుడో ఒకసారి జరిగి ముగిసిపోయే శిక్షణ కాదిది. పెద్దయిన కణం కూడా తన చుట్టూ ఉన్న గుర్తులను బట్టి తన పదునును సరిచేసుకుంటూనే ఉంటుంది. క్యాన్సర్ వైద్యానికి దీనికంటే ముఖ్యమైన పరిశీలన లేదని నేను అనుకుంటాను. క్లాస్-1 లేని కణితిని ఎలుకలో పెంచితే, దాని లోపలికి చేరిన హంతక కణాలు కూడా క్రమంగా మందగిస్తాయని రోలే బృందమే 2014లో చూపింది. అక్కడ నిరోధక గ్రాహకాన్ని మూసివేయడం వల్ల ప్రయోజనం లేదు, మూసివేయడానికి సంకేతమే లేదు కనుక. ఆ కణాలను తిరిగి లేపింది ఐఎల్-12, ఐఎల్-18 వంటి సైటోకైన్లు, అంటే కణాల మధ్య సంకేతాలు మోసే ప్రొటీన్లు.

మీ వ్యాసకర్త పక్షాన చెప్పవలసినది కూడా ఉంది. ఎల్‌వై49సీ, ఎల్‌వై49ఐ గ్రాహకాలను ప్రతిదేహాలతో (యాంటీబాడీలతో) తాత్కాలికంగా మూసి, ఎలుకల్లో రక్త క్యాన్సర్ కణాలపై దాడిని పెంచగలిగారని 2001లోనే ఒక ప్రయోగం చూపింది. పైకి చూస్తే అది బ్రేకు తీయడమే, పనిచేసింది కూడా. కానీ అక్కడ మూసినది అప్పటికే పదును పట్టిన కణాల గ్రాహకాలను, అదీ కొద్దికాలం. అలాగే శిక్షణ లేని కణాలు నిరర్థకమని తీర్మానించడమూ పొరపాటే. ఎలుకలకు సోకే సైటోమెగలోవైరస్ విషయంలో లూయిస్ లేనియర్ బృందం 2010లో తలకిందులైన ఫలితం చూసింది: వైరస్‌ను ఎక్కువగా అదుపు చేసినవి సొంత గుర్తును చదవలేని హంతక కణాలే. వైరస్ సోకిన కణాల మీద ఇంకా మిగిలి ఉన్న క్లాస్-1 గుర్తు, శిక్షణ పొందిన కణాలను ఆపేస్తోంది. శిక్షణ లేనివాటికి ఆ అడ్డు లేదు, తీవ్రమైన ఇన్‌ఫెక్షన్ వేళ వెల్లువెత్తే సంకేతాలు వాటి మందకొడితనాన్ని పోగొడతాయి. పైగా ఈ వైరస్‌ను బ్లాక్-6 ఎలుక తట్టుకోవడానికి మరో కారణం ఎల్‌వై49హెచ్ అనే ప్రేరక గ్రాహకం. వైరస్ తయారుచేసే ఎం157 అనే ప్రొటీనును అది నేరుగా పట్టుకుంటుంది. బాల్బ్-సి జాతి తెల్ల ఎలుకలో ఆ గ్రాహకం లేదు, అది ఈ వైరస్‌కు తేలిగ్గా లొంగుతుంది. 129 అనే మరో జాతిలో అదే వైరస్ ప్రొటీను ఒక నిరోధక గ్రాహకాన్ని పట్టుకుని దాడిని ఆపించుకుంటుంది. ‘ఎలుకల్లో తేలింది’ అనే మాట ఈ రంగంలో ఎంత అసంపూర్ణమో ఈ ఒక్క ఉదాహరణతో తెలుస్తుంది.

మనిషి విషయానికి వస్తే, మనకు పనిచేసే ఎల్‌వై49 గ్రాహకాలే లేవు. ఆ కుటుంబంలో మనకు మిగిలింది ఒకే ఒక్క నిష్క్రియ జన్యువు. అదే పనిని మనలో కిర్ అనే పూర్తిగా వేరే నిర్మాణం గల గ్రాహకాలు, పంతొమ్మిదో క్రోమోజోము నుంచి వచ్చి చేస్తాయి. ఎన్‌కేజీ2ఏ మాత్రం రెండు జీవుల్లోనూ ఉంది. కనుక ఎలుకల పాఠం మనకు అక్షరాలా వర్తించకపోయినా సూత్రం వర్తిస్తుంది, చికిత్సల చరిత్ర అదే చెబుతోంది. ఇటలీలోని పెరూజాలో ఆండ్రియా వెలార్డి బృందం మైలాయిడ్ రకం రక్త క్యాన్సర్ రోగులకు, వారి క్లాస్-1 గుర్తులతో సరిపడని దాతల రక్త మూలకణాలను ఎక్కించి 2002లో ప్రకటించిన మంచి ఫలితాల్లో ఎవరి గ్రాహకాన్నీ మూయలేదు. దాత కణాల నుంచి వచ్చిన, పదునుపట్టిన హంతక కణాలకు, రోగి క్యాన్సర్ కణాల మీద తమకు తెలిసిన గుర్తు కనిపించలేదు, అంతే. దీనికి భిన్నంగా కిర్ గ్రాహకాలను ప్రతిదేహంతో మూసే ప్రయత్నం మైలోమా అనే మజ్జ క్యాన్సర్ తొలిదశ రోగుల్లో ఎదురుతిరిగింది. మందు ఎక్కించాక వారి హంతక కణాల మీద ఆ గ్రాహకాలు తగ్గిపోయాయి, కణాల స్పందనా తగ్గిపోయిందని 2016లో ప్రచురించారు. అదే తరహా మందైన లిరిల్యుమాబ్ వృద్ధులైన రక్త క్యాన్సర్ రోగుల్లో వ్యాధి తిరగబెట్టకుండా ఆపలేకపోయిందని 2017లో తేలింది.

మీ వ్యాసం ‘రాబోయే మందు’గా పేర్కొన్న మొనలిజుమాబ్ ఎన్‌కేజీ2ఏను మూసే ప్రతిదేహం. ఎలుకల్లోనూ, తొలిదశ పరీక్షల్లో పాల్గొన్న రోగుల్లోనూ ఆశాజనకమైన ఫలితాలు 2018లో వచ్చిన మాట నిజం. కానీ తల, మెడ క్యాన్సర్ రోగుల్లో సెటుక్సిమాబ్ అనే మరో క్యాన్సర్ మందుతో కలిపి జరిపిన మూడో దశ పరీక్షను, మధ్యంతర సమీక్షలో ప్రయోజనం కనిపించనందున 2022లో ఆపేశారు. ఊపిరితిత్తుల క్యాన్సర్‌లో వేరే మందుతో జతచేసి పరీక్షించడం మొదలుపెట్టారు కనుక దాని పని అయిపోయిందని నేను అనడం లేదు. అయితే ఆ వ్యాసం చదివిన రోగుల బంధువులు వైద్యులను ఈ మందు గురించి ఆశగా అడుగుతారు. ‘రోగనిరోధక కణాలను పెంచుతాం’ అంటూ లక్షల రూపాయల ప్యాకేజీలు చూపేవారి దగ్గరకూ వెళతారు. కాబట్టి తల, మెడ క్యాన్సర్ పరీక్ష ఆగిపోయిన సంగతినీ, వ్యాసంలో చెప్పిన ఎలుకల ఫలితం ఏ జాతి ఎలుకది, గ్రాహకాన్ని ఎంతకాలం మూశారు అన్న వివరాలనూ అదే పుటలో ప్రచురించవలసిందిగా కోరుతున్నాను.

భవదీయుడు,
జంతుశాస్త్ర విశ్రాంత అధ్యాపకుడు,
హనుమకొండ